కాళ్ళ లావు – తగిన వైద్యుణ్ణి వెదకడం
(ట్రస్టు విద్యార్థి వేతనముల పంపిణీ సభలో, పావగడలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరమూ ఈ సభలో మార్కుల గురించి, క్రమశిక్షణ గురించి, పోటీ పరీక్షల గురించి ఎవరో ఒక పెద్దమనిషి మాట్లాడుతారు. ఈసారి నాకు అరగంట ఇవ్వండి, ఆడపిల్లల కాళ్ళ గురించి మాట్లాడుతాను అన్నాను. కార్యదర్శి గారు ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆరోగ్యం విషయమైతే డాక్టరు గారిని పిలుస్తాం గదమ్మా" అన్నారు. నేను డాక్టరును కాను. ఈ తాలూకాలోని హైస్కూళ్ళలో ముప్పై ఒక్క సంవత్సరాలు సైన్సు చెప్పి రిటైరైన టీచరును. అయితే నేను చెప్పబోయే జబ్బు నాకే ఉంది. దానికి తగిన డాక్టరును వెదకడానికి ఎంత తిరగవలసి వస్తుందో నాకు తెలుసు. కాబట్టి నేను చెప్పేది వైద్యము కాదు, వైద్యుణ్ణి వెదికే దారి అనుకోండి.

ఇది వేతనాల సభకు సంబంధించిన విషయమే. మన ట్రస్టులో మొదటి పి.యు.సి. పాసైన పిల్లలు రెండో సంవత్సరానికి రెన్యువల్ ఫారం పంపవలసి ఉంటుంది. కిందటి సంవత్సరం ఒక అమ్మాయి ఫారం రాలేదు. ఎస్.ఎస్.ఎల్.సి.లో 91 శాతం తెచ్చుకొన్న పిల్ల. పెళ్ళి చేస్తున్నారేమోనని అందరమూ అనుకొన్నాం. పెళ్ళయితే ఆపడానికి, కాకపోతే కారణం కనుక్కోవడానికి కమిటీ వారు నన్ను వాళ్ళ ఊరికి పంపించారు. ఆ అమ్మాయి ఒప్పుకొన్న తరువాతనే ఈ విషయం ఇక్కడ చెబుతున్నాను. పేరూ, ఊరూ చెప్పను.

పెళ్ళి మాటే లేదు. పిల్ల ఇంట్లోనే ఉంది. నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చేటప్పుడు ఆమె నడక చూశాను. నడుము నా పిడికెడు. నడుము కింద నుంచి మాత్రం వేరే మనిషి కాళ్ళు తెచ్చి అతికించినట్లుంది. కాలేజీలో తరగతులు రెండో అంతస్తులో. సాయంత్రానికి కాళ్ళు రాళ్ళు కట్టినట్లు బరువెక్కుతాయి. బస్సులో ఎవరి సంచి తగిలినా కమిలిపోయి నల్లటి మచ్చలు పడతాయి. మెట్లెక్కుతుంటే వెనుక నుంచి మగపిల్లలు పెట్టిన పేరు ఒకటుంది, అది ఇక్కడ చెప్పను. సిగ్గుతో ఆ పిల్ల తల్లికి కూడా నొప్పి అని చెప్పలేదు, చదువు మీద ఇష్టం లేదని చెప్పింది.

వాళ్ళమ్మ అన్నది: "ఏం చేయాల టీచరమ్మా, మా అత్తకూ ఇట్లే ఉండె, మా పెద్దాడబిడ్డకూ ఇట్లే ఉండె. ఈ ఇంటి ఆడోళ్ళ కాళ్ళే అంత." వాళ్ళ నాయన ఊరికే కూర్చోలేదు పాపం. మూడు చోట్లకు తిప్పినాడు. ఒకచోట బోదకాలు అని మాత్రలిచ్చినారు. ఒకచోట అన్నం మానిపించి రాగిముద్ద కూడా సగం చేయమన్నారు. మూడోది పెద్ద ఊళ్ళో బరువు తగ్గించే క్లినిక్కు. బెల్టులు, మిషన్లు, ప్యాకేజి. ఆ ఏడు శెనక్కాయలు అమ్మిన డబ్బులో 28 వేలు అక్కడికే పోయినాయి. పిల్ల ముఖం పీక్కుపోయింది, గొంతు దగ్గర ఎముకలు తేలినాయి. కాళ్ళు మాత్రం ఎప్పటి మాదిరే ఉన్నాయి.

ఆ చివరి మాట విన్నప్పుడే నాకు అనుమానం గట్టిపడింది. ఎందుకంటే నా కథ కూడా అదే.

మన తాలూకాలో కాళ్ళ బాధకు తీర్పులు మూడే. నొప్పి అంటే ఫ్లోరైడ్ నీళ్ళు, వాపు అంటే బోదకాలు, లావు అంటే తిండి. మొదటిదానికి కారణం లేకపోలేదు. పావగడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని చిన్నపిల్లలకు కూడా తెలుసు, పళ్ళ మీద పసుపు గీతలు చూస్తూనే ఉన్నాం. కానీ ఫ్లోరైడ్ పళ్ళకూ ఎముకలకూ కీళ్ళకూ పడుతుంది. అది తొడలను లావు చేయదు. ఇక బోదకాలు దోమకాటుతో వచ్చే పురుగు వలన వస్తుంది. మన రాష్ట్రంలో కలబురగి, బీదర్, యాదగిరి వంటి ఉత్తరపు జిల్లాలలోను, సముద్రం పక్క జిల్లాలలోను, అటు కోస్తా ఆంధ్రలోను అది ఎక్కువ. అందులో సాధారణంగా ఒక కాలు ఎక్కువగా వాస్తుంది, పాదం కూడా వాస్తుంది. రక్తపరీక్ష ఉంది, పురుగు రాత్రిపూటే రక్తంలో తిరుగుతుంది గనుక ఆ రక్తం రాత్రి తీస్తారు. ఏ పరీక్షా లేకుండా, రెండు కాళ్ళూ సమానంగా లావున్న పదహారేళ్ళ పిల్లకు బోదకాలు మాత్రలివ్వడం తగదు. మూడో తీర్పు తిండి. అదే అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది, ఎందుకంటే అందులో జబ్బు పిల్ల తప్పు అయిపోతుంది.

ఈ జబ్బు పేరు లిపిడీమా. తెలుగులో గానీ కన్నడంలో గానీ దీనికి వాడుక పేరు లేదు. పేరు లేనందువల్లనే మన అవ్వలు దీనిని జబ్బు అనుకోలేదు. లిపో అంటే కొవ్వు, ఎడీమా అంటే వాపు. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్కు డాక్టర్లు అలెన్, హైన్స్ అనేవారు దీనిని మొదట వర్ణించారు. విచిత్రమేమంటే ఇద్దరి మొదటి పేరూ ఎడ్గర్. 1951లో వారే మరొకరితో కలిసి 119 మంది రోగుల వివరాలు ప్రకటించారు. అంటే ఇది నిన్న మొన్న కనిపెట్టిన జబ్బు కాదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల పట్టికలో దీనికి సొంత స్థానం దొరికింది ఇటీవలనే, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పులో. మన డాక్టర్లలో చాలామంది చదువుకొనే కాలానికి వారి పుస్తకాల్లో ఇది ఒక పేరా కూడా లేదు. అందువల్ల వారిని నిందించడం నా ఉద్దేశ్యం కాదు.

ఇది దాదాపుగా ఆడవారికే వస్తుంది. పెద్దమనిషి అయ్యే వయసులో, గర్భం వచ్చినప్పుడు, లేదా ముట్లు ఆగిపోయే వయసులో మొదలవుతుంది, లేకుంటే అప్పుడు ఎక్కువవుతుంది. తల్లి, అత్త, అవ్వ, అక్క అని వంశంలో తరచుగా కనిపిస్తుంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, హార్మోన్లకూ వంశానికీ సంబంధం ఉందంటున్నారు. రెండు కాళ్ళకూ సమానంగా, తొంటి నుంచి చీలమండ దాకా కొవ్వు చేరుతుంది. కొందరికి చేతులకూ చేరుతుంది. ముట్టుకుంటే నొప్పి, ఊరికే కమలడం, సాయంత్రానికి బరువు. అన్నిటికంటే తేలిగ్గా గుర్తుపట్టేది ఇది: కాలిగొలుసు పెట్టుకొనే చోటు చూడండి. లావు అక్కడికి వచ్చి గీత గీసినట్టు ఆగిపోతుంది. పాదం మామూలుగా, సన్నగా ఉంటుంది. మా అమ్మ గొలుసులు ఎప్పుడూ కిందికి జారేవి కావు, ఆ మడత మీదే కూర్చొనేవి. అది అందమనే అనుకొనేవాళ్ళం.

నా కాళ్ళు పదమూడో ఏట నుంచి ఇట్లా ఉన్నాయి. ఇద్దరు పిల్లలు పుట్టినాక ఎక్కువైంది. బడిలో నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం. ఉపవాసాలు చేశాను, శనిమహాత్మ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేశాను, అది భక్తికీ పనికొచ్చింది, నడకకూ పనికొచ్చింది, కాళ్ళకు మాత్రం కాదు. నలభై ఆరో ఏట బెంగళూరులో ఒక రక్తనాళాల డాక్టరు నన్ను మంచం మీద కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ మోకాలి పైదాకా చూసి, "మీ అమ్మగారికి కూడా ఇట్లే ఉండేదా?" అని అడిగారు. ముప్పై మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. అంతకుముందు చూసినవారందరూ నా బరువు చూశారు, నా కాళ్ళు చూడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ డాక్టరు దగ్గరికి పోవాలి?

కంటికి శుక్లం వస్తే మన ఊళ్ళో ఎవరినీ అడగనక్కరలేదు. శారదాదేవి కంటి ఆసుపత్రి ఎక్కడుందో ఆటో అబ్బాయికి కూడా తెలుసు. కుష్ఠు, క్షయ అంటే స్వామి వివేకానంద గ్రామీణ ఆరోగ్య కేంద్రం వారు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న సేవ మీకందరికీ తెలిసినదే. గుండెకు కార్డియాలజీ, ఎముకకు ఆర్థోపెడిక్. ప్రతిదానికీ ఒక బోర్డు ఉంది. లిపిడీమా అని బోర్డు కట్టిన తలుపు మాత్రం ఎక్కడా లేదు. కొవ్వు గనుక హార్మోన్ల డాక్టరుదా? వాపు గనుక రక్తనాళాల డాక్టరుదా? చర్మం కమలుతోంది గనుక చర్మం డాక్టరుదా? కోసి తీసేది గనుక ప్లాస్టిక్ సర్జనుదా? అందరిదీ కొంత కొంత, ఎవరిదీ పూర్తిగా కాదు. జర్మనీలో లింఫ్ వ్యాధులకే ప్రత్యేకమైన ఆసుపత్రులున్నాయి. మన దేశంలో వైద్య కళాశాలల్లో లింఫాలజీ అని వేరే పి.జి. సీటు లేదు. లింఫ్ అంటే శోషరసం, పదో తరగతి పిల్లలకు తెలిసి ఉండాలి, నేనే చెప్పినాను.

కాబట్టి బోర్డును వెదకరాదు, డాక్టరు చూసే రోగులను బట్టి వెదకాలి. ఆ అమ్మాయి విషయంలో మేము పోయిన వరుస చెబుతాను.

మొదట పావగడ ప్రభుత్వ ఆసుపత్రి. పెద్ద ఆసుపత్రికి నేరుగా పోదామని వాళ్ళ నాయన అన్నాడు. నేను వద్దన్నాను. కాళ్ళు వాచడానికి ఇతర కారణాలు చాలా ఉన్నాయి. గుండె, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, రక్తం తక్కువ కావడం. వీటిని తేల్చే రక్తపరీక్ష, మూత్రపరీక్ష, బి.పి. ఇక్కడే అవుతాయి. ఉన్నట్టుండి ఒక్క కాలు వాచి, నొప్పి, వేడి ఉంటే మాత్రం ఈ వరుస పనికిరాదు, అది నరంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆ అమ్మాయికి అట్లాంటివేమీ లేవు. అన్నీ మామూలుగా వచ్చినాయి. అక్కడి డాక్టరమ్మ ఓపికతో విని రెఫరల్ చీటీ రాసిచ్చింది. "రెండు కాళ్ళూ సమానంగా లావు, పాదాలు మినహా, నొప్పి, కమలడం, వంశంలో ఉంది, లిపిడీమా కావచ్చు, రక్తనాళాల నిపుణుని అభిప్రాయం కోరుతున్నాము" అని. ఈ చీటీ విలువ తరువాత తెలిసింది. ఒట్టి "స్థూలకాయం" అని రాసి ఉంటే పిల్ల మళ్ళీ డైట్ చార్టుతో ఇంటికి వచ్చేది.

ఇంకొక సంగతి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకంలో, అత్యవసరం కాని వైద్యానికి ప్రైవేటు ఆసుపత్రికి పోవాలంటే మొదట ప్రభుత్వ ఆసుపత్రి రెఫరల్ కావాలి. చీటీ లేకుండా పోయి, అక్కడ కౌంటరు దగ్గర పోట్లాడితే లాభం లేదు. మన తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మనకు తుమకూరు కంటే దగ్గర, మాట కూడా మనదే. అయితే ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఆ రాష్ట్రపు వారిది. గీత దాటేముందు మన కార్డు అక్కడ ఆ వైద్యానికి చెల్లుతుందా అని ఫోనులో కనుక్కొని పోండి.

రెండవది, రక్తనాళాల నిపుణుడు, అంటే వాస్క్యులర్ సర్జన్. గుండె ఆపరేషన్ చేసేవారు వేరు, వీరు వేరు, చాలాచోట్ల ఒకే అంతస్తులో కూర్చుంటారు గనుక జనం పొరబడతారు. అలెన్, హైన్స్ కూడా కాళ్ళూ చేతుల రక్తనాళాల వైద్యులే, ఈ జబ్బు మొదటినుంచీ ఆ గదిలోనే ఉంది. సర్జన్ అనగానే కోస్తారని భయపడనక్కరలేదు. వీరి దగ్గర అయ్యే ముఖ్యమైన పరీక్ష డాప్లర్ స్కానింగు, కడుపు స్కానింగు మాదిరిదే, నొప్పి ఉండదు. అది లిపిడీమాను చూపించడానికి కాదు, నరాలలో దోషం లేదని తేల్చడానికి. లిపిడీమా ఉందని చూపించే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ ఇంతవరకు లేదు. డాక్టరు చూసి, తాకి, అడిగి తెలుసుకోవలసిందే. కాలి రెండో వేలు మొదట్లో చర్మాన్ని చిటికెతో పైకి ఎత్తి చూస్తారు. ఎత్తడానికి రాకపోతే లింఫ్ వాపు అనుకొంటారు, సులభంగా వస్తే లిపిడీమా వైపు ఆలోచిస్తారు. ఆ ఒక్కదానితోనే తీర్పు చెప్పరనుకోండి. అనుమానముంటే లింఫ్ ప్రవాహాన్ని చూసే మరో రకం స్కానింగు రాస్తారు.

ఎక్కడికి? బెంగళూరు వసంతనగర్‌లో భగవాన్ మహావీర్ జైన్ ఆసుపత్రికి చేరిన జైన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాస్క్యులర్ సైన్సెస్ రక్తనాళాల వైద్యానికి పేరుపొందినది. వెల్లూరు సి.ఎం.సి.లోను, హైదరాబాదు నిమ్స్‌లోను ఈ విభాగాలున్నాయి. లింఫ్ వాపుకే అంకితమై పనిచేసేది కేరళలో కాసరగోడు దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ. అక్కడ చర్మవైద్యం, ఆయుర్వేదం, యోగ కలిపి బోదకాలు వాపుకు చికిత్స చేస్తారు. ఈ పేర్లు చెప్పాను గదా అని రేపు బస్సెక్కకండి. పెద్ద పేరున్న ఆసుపత్రిలో కూడా మీరు పోయిన దినం కూర్చున్న డాక్టరుకు ఈ జబ్బు మీద శ్రద్ధ లేకపోవచ్చు.

అందుకే ముందు ఫోను. ఆ అమ్మాయికి మేము ఆరు చోట్లకు ఫోను చేశాం. మూడు ప్రశ్నలు అడిగాం. లింఫ్ వాపు, లిపిడీమా రోగులను చూసే డాక్టరు ఎవరు, ఏ వారం ఉంటారు? కాళ్ళకు బిగుతు మేజోళ్ళు కొలత తీసి ఇచ్చేవారు మీ దగ్గర ఉన్నారా? లింఫ్ మర్దన నేర్చుకొన్న ఫిజియోథెరపిస్టు ఉన్నారా? నాలుగు చోట్ల రిసెప్షన్ వారు "బరువు తగ్గే ప్యాకేజికి అపాయింట్‌మెంట్ ఇమ్మంటారా" అన్నారు. ఫోను పెట్టేశాం. ఒకచోట ఒక నర్సమ్మ, "ఆగండి, కనుక్కొని చెప్తాను" అని, అరగంటకు తానే తిరిగి ఫోను చేసి డాక్టరు పేరు, వారము, గది నంబరు చెప్పింది. అక్కడికే పోయినాం. నా అనుభవంలో రెండో ప్రశ్నే గట్టిది. మేజోళ్ళు కొలిచే మనిషి ఉన్నచోట ఈ రోగులు రోజూ వస్తున్నారని అర్థం.

డాక్టరు సరియైనవారో కాదో ఎట్లా తెలుస్తుంది? చదువు సంగతి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో చూసుకోవచ్చు, అది ఇంటర్నెట్టులోనే ఉంది, మీ పిల్లలు చూసి పెడతారు. మిగతాది గదిలోనే తెలుస్తుంది. కాళ్ళు చూడకుండా చీటీ రాస్తే లేచి రావచ్చు. మేము పోయిన చోట డాక్టరు పిల్లను చూసిన తరువాత, తల్లి వైపు తిరిగి, "మీ వారి అక్కచెల్లెళ్ళ ఫోటో ఏమైనా ఉందా" అని అడిగారు. ఉంది. పెళ్ళి ఫోటోలో పెద్దాడబిడ్డ. చీర కట్టుకొన్నా ఆ నిలబడిన తీరులో ఆయనకు తెలిసిపోయింది. ఆ అమ్మాయి అప్పుడు ఏడ్చింది. నొప్పికి కాదు. "మేడం, నా తప్పు కాదంట" అన్నది.

మూడవ మనిషి ఫిజికల్ మెడిసిన్ డాక్టరు, ఆయన కింద ఫిజియోథెరపిస్టు. నా దృష్టిలో రోజువారీ మేలు చేసేది ఈ గదే, జనానికి తెలియనిది కూడా ఈ గదే. విద్యార్థులు వినండి, మన దేశంలో ఈ శాఖకు పునాది వేసినవారిలో వెల్లూరు డాక్టరు మేరీ వర్గీస్ గారొకరు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది, తరువాత పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చి, 1966లో అక్కడ పునరావాస సంస్థ ప్రారంభం కావడానికి కారకురాలైంది. ఇక్కడ బిగుతు మేజోళ్ళు, లింఫ్ మర్దన, తగిన వ్యాయామం నేర్పుతారు. మందుల అంగడిలో దొరికే మేజోళ్ళు కొందరికి సరిపోతాయి. కాళ్ళు బాగా పెద్దవైతే కొలిచి కుట్టించే గట్టి అల్లికవి కావాలి, లేకుంటే మడతల దగ్గర కోసుకుంటాయి. మన ఎండలో ఏప్రిల్, మే నెలల్లో వేసుకోవడం కష్టమే, అబద్ధం చెప్పను. నేను పొద్దున ఆరుకు వేసుకొని మధ్యాహ్నం తీసి, కాళ్ళు తడిగుడ్డతో తుడుచుకొని మళ్ళీ వేసుకొంటాను. నీళ్ళలో నడిస్తే చాలా మంచిదని డాక్టరు చెప్పారు. "సార్, మాది పావగడ, తాగడానికే ట్యాంకరు" అన్నాను. ఆయన నవ్వి, అయితే సైకిలు తొక్కమన్నారు.

వీటితో జబ్బు మాయం కాదు. నొప్పి తగ్గుతుంది, పెరగడం నెమ్మదిస్తుంది, నడక మిగులుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరికి లింఫ్ దారులు కూడా దెబ్బతిని పాదాలు కూడా వాస్తాయి. చిన్న వయసులో గుర్తించడం అందుకే ముఖ్యం.

నాలుగవది ప్లాస్టిక్ సర్జన్, చివరిది. ప్రత్యేకమైన పద్ధతిలో ఆ కొవ్వును పీల్చి తీసే ఆపరేషన్, లైపోసక్షన్, లిపిడీమాకు చేస్తారు. జర్మనీలో 2019లో ముదిరిన దశవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద దీనికి అనుమతి వచ్చింది. మన దగ్గర బీమా కంపెనీలు దీనిని సామాన్యంగా అందం ఆపరేషన్ కిందే జమకట్టి కాదంటాయి, కాబట్టి చేయించుకొనే ముందే రాతపూర్వకంగా అడగండి. అందం కోసం చేసే లైపోసక్షన్ వేరు, దీనికి చేసేది వేరు. లింఫ్ దారులు తెగకుండా చేయాలి. ఇంతకుముందు లిపిడీమాకు ఎన్ని చేశారు, తరువాత మేజోళ్ళు ఎంతకాలం వేయాలి అని సర్జనును అడగడంలో తప్పులేదు. పదహారేళ్ళ పిల్లకు దీని గురించి తొందరపడి మాట్లాడేవారి దగ్గర నుంచి మాత్రం బయటికి రండి.

కొన్ని జాగ్రత్తలు తొందరగా చెబుతాను, భోజనాల వేళ అవుతున్నది. నీరు పోయే మాత్రలు దీనికి పనిచేయవు, ఇది నీరు కాదు, కొవ్వు. డాక్టరు వేరే కారణానికి రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి. పస్తులుంటే ముఖమూ నడుమూ చిక్కుతాయి, కాళ్ళు చిక్కవు, పైగా పిల్లకు రక్తం తగ్గుతుంది. అట్లని ఇష్టమొచ్చినట్టు తినమని కాదు, అదనపు బరువు ఈ కాళ్ళకే భారం. ఇప్పుడు బరువు తగ్గే ఇంజెక్షన్ల మాట ఊరూరా వినిపిస్తున్నది. అవి లిపిడీమాకు మందుగా ఇంకా నిర్ధారణ కాలేదు, ఎవరో చెప్పారని వేసుకోకండి. సెల్‌ఫోనులో వెదికితే మొదట వచ్చేవి ప్రకటనలు, అక్కడ "పది సిట్టింగుల్లో గ్యారంటీ" అని ఉంటే అది ఈ జబ్బు తెలిసినవారిది కాదు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకొని పోండి. ఏ వయసులో మొదలైంది, ఎప్పుడు పెరిగింది, ఇంట్లో ఇంకెవరికి ఉంది, ఇంతవరకు వాడిన మందులు. పిక్క, తొడ, నడుము కొలతలు దర్జీ టేపుతో తీసి తేదీ వేసి రాయండి. బరువు తగ్గినా తొడ కొలత మారలేదని నాలుగు నెలల లెక్క చూపిస్తే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఆ అమ్మాయి లెక్క గ్రాఫు గీసి తీసుకొని వచ్చింది, సైన్సు పిల్ల గదా. డాక్టరు ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకొన్నారు. బస్సుకు తెల్లవారుజామునే బయలుదేరండి, బెంగళూరు నూట యాభై కిలోమీటర్ల పైమాటే, దారిలో రెండుసార్లన్నా దిగి నడవండి, కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంటే నొప్పి హెచ్చుతుంది. ఆడపిల్ల వెంట తల్లో, అత్తో, అక్కో ఉంటే మంచిది. కాళ్ళు చూపించేటప్పుడు పిల్లకు ధైర్యం, డాక్టరుకు వంశం రెండూ దొరుకుతాయి.

మగపిల్లలకు ఒక్క మాట. మీరు పెట్టిన ఆ పేరు వల్ల 91 శాతం తెచ్చుకొన్న పిల్ల ఒక సంవత్సరం ఇంట్లో కూర్చున్నది. ఆ సంవత్సరం ఎవరు తిరిగి ఇస్తారో మీరే చెప్పండి.

కోర్సులు ఎంచుకొనే పిల్లలకు ఇంకొకటి. అందరూ ఎం.బి.బి.ఎస్., ఇంజనీరింగు అంటున్నారు, మంచిదే. బి.పి.టి., అంటే ఫిజియోథెరపీ, కూడా ఒక చదువే. అది చదివి, పైన లింఫ్ వాపు చికిత్సలో ప్రత్యేక శిక్షణ తీసుకొన్నవారు మన దిక్కున నాకు ఒక్కరూ కనబడలేదు. మేజోళ్ళ కొలతకు కూడా మేము బెంగళూరుకే పోతున్నాం. ఈ తాలూకా నుంచి ఒక్క పిల్ల ఆ పని నేర్చుకొని వస్తే ఆమె ఖాళీగా కూర్చోదు. కమిటీ వారు ఈ ఏడు బి.పి.టి. విద్యార్థులకు కూడా దరఖాస్తు అవకాశం కల్పించాలని నేను లిఖితపూర్వకంగా కోరాను. వారు ఆలోచిస్తామన్నారు.

ఆ అమ్మాయి ఈ జూన్‌లో రెండో పి.యు.సి.లో చేరింది. కాలేజీ వారు ఆమె తరగతిని కింది అంతస్తుకు మార్చినారు. రెన్యువల్ ఫారం ఆలస్యమైనా కమిటీ వారు తీసుకొన్నారు. మేజోళ్ళు రోజూ వేసుకొంటున్నదా అంటే, వారంలో ఐదు రోజులు అంటున్నది. నేనూ అంతే.

భోజనాలు ఎడమవైపు పందిట్లో. నేను తిన్న తరువాత పక్కనున్న చిన్న గదిలో మూడు గంటల దాకా కూర్చుంటాను. తల్లులు, ఆడపిల్లలు ఎవరైనా రావచ్చు, తలుపు వేసే ఉంటుంది, లోపల ఆడవాళ్ళమే ఉంటాం. దర్జీ టేపు, నా పాత మేజోళ్ళ జత ఒకటి, రెఫరల్ చీటీలో ఏమి రాయమని అడగాలో కన్నడంలో రాసిన కాగితాలు ఇరవై తెచ్చాను. కాగితాలు చాలకపోతే ఎదురుగా జెరాక్సు అంగడి ఉంది.